ఓటు అడగని పీఠం: జస్టిస్ కోకా సుబ్బారావు స్మారకోపన్యాసం

జస్టిస్ కోకా సుబ్బారావుగారు లా చదివింది ఈ చెన్నైలో. ప్రాక్టీసు పెట్టి పేరు తెచ్చుకున్నది ఈ ఊళ్ళో. హైకోర్టు న్యాయమూర్తిగా మొదట కూర్చున్నదీ ఈ ఊళ్ళోనే. రాజమండ్రిలో పుట్టి ఢిల్లీలో భారత ప్రధాన న్యాయమూర్తి అయిన మనిషిని చెన్నైలో తలచుకోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఆయన జీవితచరిత్రను పుట్టిన తేదీ నుంచి వరుసగా చెప్పబోవడం లేదు. ఆ జీవితం మన ముందు పెట్టిన ఒక ప్రశ్నను పట్టుకుని మాట్లాడతాను. శాసనసభ్యుడి వెనక లక్షల ఓట్లుంటాయి. జడ్జి వెనక ఒక్క ఓటూ ఉండదు. అటువంటి జడ్జి, ఓట్లతో వచ్చిన సభ చేసిన చట్టం చెల్లదని చెప్పే అధికారం ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడు? రాజ్యాంగం ఇచ్చిందని చెప్పడం సగం జవాబే. రాజ్యాంగం పీఠాన్ని ఇస్తుంది. ఆ పీఠం మీద నుంచి వచ్చిన మాటకు జనం తలవంచడానికి మరొకటి కావాలి. అది జడ్జి రాసే కారణాల బలమని, సుబ్బారావుగారి తీర్పులు దానికి నిదర్శనమని, ఆయన జీవితంలో ఆఖరి ఘట్టం కూడా ఎదురు దిశ నుంచి దాన్నే రుజువు చేసిందని నా అభిప్రాయం.

జడ్జిని ప్రజలే ఎన్నుకోవాలన్న ఆలోచన ప్రపంచానికి కొత్తది కాదు. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం 1832లో తన జడ్జీలందరినీ ఎన్నికతోనే తీసుకోవాలని రాజ్యాంగంలో రాసుకుంది. న్యూయార్కు 1846లో ఆ దారి పట్టింది. గవర్నర్లు తమ మనుషులకు పదవులు పంచిపెట్టడం చూసి విసిగిన జనం కోరుకున్న సంస్కరణ అది. దానిలో ఒక నిజాయితీ ఉంది. కామన్ లా లోకంలో చాలామంది గొప్ప జడ్జిగా తలచే బెంజమిన్ కార్డోజో ఆ పద్ధతిలోనే వచ్చాడు. 1913లో న్యూయార్కులో జడ్జిగా ఎన్నికై, మరుసటి ఏడే ఆ రాష్ట్రపు అప్పీలు కోర్టుకు నియామకం పొంది, 1917లో అక్కడికీ ఎన్నికై, 1926 ఎన్నికతో దాని ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. ఆయన తండ్రి అదే రాష్ట్రంలో జడ్జిగా ఉండి, రాజకీయ ముఠాల అవినీతి ఆరోపణల నడుమ 1872లో రాజీనామా చేయవలసి వచ్చింది. ఎన్నిక పద్ధతి ఎంత ఎత్తుకు తీసుకువెళ్ళగలదో, ఎంత లోతుకు దిగజార్చగలదో ఆ ఒక్క ఇంటి చరిత్ర చెబుతుంది.

రెండో వైపు కూడా చూడాలి. 2004లో వెస్ట్ వర్జీనియా అప్పీలు సుప్రీంకోర్టు ఎన్నికలో ఒక అభ్యర్థి గెలుపు కోసం ఓ బొగ్గు కంపెనీ అధిపతి దాదాపు 30 లక్షల డాలర్లు ఖర్చు చేశాడు. అతని కంపెనీ మీద 5 కోట్ల డాలర్ల జ్యూరీ తీర్పు అప్పటికే వెలువడి, అప్పీలుకు వెళ్ళబోతోంది. అభ్యర్థి గెలిచాడు. కేసు నుంచి తప్పుకోమని ఎదుటి పక్షం అడిగితే ఒప్పుకోలేదు. ముగ్గురు ఇద్దరుగా చీలిన ధర్మాసనంలో ఆయన ఓటు కంపెనీ పక్షాన పడింది. ఆ జడ్జి తప్పుకుని ఉండవలసిందని అమెరికా సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. అదీ 5-4 తేడాతోనే.

మన రాజ్యాంగసభకు ఈ చరిత్ర తెలుసు. 1949 మే 24న న్యాయమూర్తుల నియామకం మీద జరిగిన చర్చలో అంబేడ్కర్ మధ్యేమార్గాన్ని సమర్థించారు. నియామకాన్ని ప్రభుత్వం ఇష్టానికే వదలకూడదు, శాసనసభ ఆమోదానికి పెడితే రాజకీయపు ఒత్తిళ్ళు చొరబడతాయి, ప్రధాన న్యాయమూర్తి ఒక్కరికే వీటో ఇవ్వడమూ ప్రమాదం. కాబట్టి సంప్రదింపు ఉండాలన్నారు. ముసాయిదా సంఘంలో మన నెల్లూరు సీమవారు, మద్రాసు మాజీ అడ్వకేట్ జనరల్ అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. న్యాయవ్యవస్థకు స్వతంత్రం కావాలని ఎంత గట్టిగా కోరారో, కోర్టు శాసనసభ మీద మరో శాసనసభ కాకూడదని కూడా అంత గట్టిగానే కోరారు. అల్లాడివారి ఆ రెండు మాటల మధ్య ఉన్న ఇరుకు దారిలోనే సుబ్బారావుగారు నడవవలసి వచ్చింది.

ఆ నడక మొదలైన చోటు మన హైకోర్టు. 1862లో ఏర్పడి, 1892లో ఇప్పటి ఎర్రని భవనంలోకి వచ్చిన ఆ కోర్టు దాదాపు తొంభై ఏళ్ళు కోస్తా ఆంధ్రకు, రాయలసీమకు ఆఖరి ఆశ. జిల్లా కోర్టులో ఓడిన రైతు మెయిలెక్కి సెంట్రల్ స్టేషన్‌లో దిగి, బంధువుల ఇంట్లోనో సత్రంలోనో తలదాచుకుని ప్యారీస్ కార్నర్ చేరేవాడు. అతని తెలుగు దస్తావేజులు ఇంగ్లీషులోకి తర్జుమా అయ్యేవి. గట్టు తగాదా, దత్తత తగాదా, ఈనాం తగాదా, ఏదైనా సరే, తనకు రాని భాషలో వాదన సాగి తనకు అర్థంకాని భాషలో తీర్పు వచ్చేది. ఇంటికి వెళ్ళి ఊరివాళ్ళకు ఏం చెప్పాలో వకీలునే అడిగి తెలుసుకోవలసిన స్థితి. తీర్పులో కారణం స్పష్టంగా ఉంటేనే వకీలు దాన్ని తెలుగులో చెప్పగలడు, రైతు దాన్ని మోసుకుపోగలడు. ఇటువంటి కక్షిదారుల మధ్య సుబ్బారావుగారు దాదాపు రెండు దశాబ్దాలు వకీలుగా పనిచేశారు.

1902 జూలై 15న పుట్టి, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో, తరవాత మద్రాసు లా కాలేజీలో చదివారు. బాపట్లలో కొద్ది నెలలు జిల్లా మునసబుగా ఉన్నారు. మామగారు పాకాల వెంకటరమణారావు ఇక్కడ పెద్ద న్యాయవాది, తరవాత ఈ హైకోర్టులోనే జడ్జి. ఆయన కుమారుడు పి.వి. రాజమన్నారుతో కలిసి సుబ్బారావుగారు ప్రాక్టీసు నడిపారు. రాజమన్నారును తెలుగు సాహిత్యలోకం 'తప్పెవరిది' నాటక రచయితగా ఎరుగును. న్యాయలోకం 1948 నుంచి 1961 వరకు మద్రాసు ప్రధాన న్యాయమూర్తిగా ఎరుగును. అదే 1948లో సుబ్బారావుగారూ హైకోర్టు జడ్జి అయ్యారు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన తొలి ఏడాదే, 1950లో, రాజమన్నారు నేతృత్వంలోని ఫుల్ బెంచి చంపకం దొరైరాజన్ కేసులో, కులమతాల వారీగా సీట్లు పంచే కమ్యూనల్ జీవోను కొట్టేసింది. వి.జి. రో కేసులో ప్రభుత్వం ఒక సంఘం మీద వేసిన నిషేధాన్ని కొట్టేసింది. మొదటి తీర్పు మీద మద్రాసు రాష్ట్రమంతా రగిలింది. మొదటి రాజ్యాంగ సవరణకు దారితీసిన కారణాల్లో అదొకటి. ప్రాథమిక హక్కుకూ ప్రజల తీర్పుకూ మధ్య జరగబోయే దీర్ఘమైన వ్యాజ్యానికి తొలి వాయిదా ఈ ఊళ్ళోనే పడిందని నేననుకుంటాను. సుబ్బారావుగారు దాన్ని పక్క గదుల నుంచి చూశారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వేరుపడింది. మైలాపూరులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్‌లో 1937లో కుదిరిన ఒడంబడిక ప్రకారం రాజధాని, హైకోర్టు వేరువేరు ప్రాంతాలకు పోవాలి. రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వెళ్ళాయి. 1954 జూలై 5న గుంటూరులో ప్రారంభమైన ఆ హైకోర్టుకు సుబ్బారావుగారే తొలి ప్రధాన న్యాయమూర్తి. రెండేళ్ళకు అది హైదరాబాదు చేరింది. 1958 జనవరి 31న ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఈ వివరాలు వేగంగా దాటిపోతున్నాను. ఆయన అసలు పని ఢిల్లీలో, అందులోనూ చాలావరకు ఒంటరిగా, జరిగింది.

ఉత్తరప్రదేశ్‌లో ఖడక్ సింగ్ అనే మనిషిని దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. కాని పోలీసులు అతని పేరిట చరిత్ర దస్త్రం తెరిచారు. రాత్రిపూట కానిస్టేబుళ్ళు, చౌకీదార్లు ఇంటికి వచ్చి తలుపు బాది, కేకవేసి నిద్రలేపేవారు. ఊరు విడిచి వెళితే ఎక్కడికి, ఎందుకు అని చెప్పాలి. వెళ్ళిన చోట పోలీసులకు కబురందేది. 1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాత్రి సోదాలను కొట్టేసింది. మిగతా నిఘాను మాత్రం మెజారిటీ ఉండనిచ్చింది. ఏకాంతపు హక్కు మన రాజ్యాంగంలో లేదంది. జస్టిస్ షాతో కలిసి సుబ్బారావుగారు విభేదించారు. కన్ను వెంటాడుతున్న మనిషికి కాళ్ళు కదలడం స్వేచ్ఛ కాదని, అతనికి దేశమంతా జైలేనని, ఏకాంతం వ్యక్తి స్వేచ్ఛలోనే ఉందని ఆయన రాసిన కారణం. ఆనాటికి అది ఓడిన తీర్పు. యాభై నాలుగేళ్ళ తరవాత, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఏకాంతం ప్రాథమిక హక్కని ప్రకటించి, ఖడక్ సింగ్ మెజారిటీలోని ఆ భాగాన్ని తోసిపుచ్చి, సుబ్బారావుగారి అసమ్మతి సరైనదన్నారు.

ఇంకొక అసమ్మతి దీనికన్నా నా మనసుకు దగ్గరది. 1963లో దేవదాసన్ కేసు. షెడ్యూల్డు కులాలకు, తెగలకు కేటాయించి నిండని ఉద్యోగాలను తరవాతి ఏళ్ళకు జరిపే నియమం చెల్లదని నలుగురు న్యాయమూర్తులన్నారు. ఐదో ఆయన ఒక్కరే ఎదురు నిలిచారు. జాతి గుర్రాన్నీ మామూలు గుర్రాన్నీ ఒకే గీత మీద నుంచి పరిగెత్తించి దాన్ని సమానావకాశం అనగలమా అని ఆయన అడిగారు. రిజర్వేషను సమానత్వానికి మినహాయింపు కాదని, సమానత్వం నిజమయ్యే తీరుల్లో అదొకటని ఆ అసమ్మతి సారం. 1975లో థామస్ కేసులో, 1992లో ఇంద్రా సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు ఆ దారికే వచ్చింది. సుబ్బారావుగారిని ఆస్తిపరుల జడ్జి అని తేల్చేసినవారు ఈ తీర్పును చదివి ఉంటే ఆ మాట అంత తేలిగ్గా అనేవారు కారు.

ఆ మాటకు ఆధారం లేదని కూడా చెప్పను. పడమటి మద్రాసులో ఇళ్ళ పథకాలకు భూమి సేకరించిన వజ్రవేలు మొదలియారు కేసు మన ఊరిదే. 1964లో ఆ తీర్పు రాసింది సుబ్బారావుగారు. సేకరించిన భూమికి ఇచ్చేది న్యాయమైన సమాన విలువ కావాలన్న సూత్రాన్ని అందులో నిలబెట్టి, మద్రాసు సవరణ చట్టం వివక్షతో కూడినదని కొట్టేశారు. కాగితం మీద ఆ తర్కంలో లోపం వెతకడం కష్టం. కాని నగరంలో గూడు లేనివాడి పక్షాన ఆ ధర్మాసనం ముందు వకీలు లేడు. చట్టం తరఫున ప్రభుత్వం ఒక్కటే ఉంది. ఆస్తి హక్కును స్వేచ్ఛతో సమానంగా కాపాడాలన్న ఆయన నిష్ఠలో ఈ వెలితి ఉందని గౌరవంతోనే చెబుతున్నాను.

ఆ నిష్ఠ శిఖరానికి చేరింది గోలక్‌నాథ్ కేసులో. పంజాబులో ఒక కుటుంబానికి 500 ఎకరాలకు పైగా భూమి, ఒక్కొక్కరికి 30 ఎకరాల పరిమితి విధించిన చట్టం. ప్రశ్న మాత్రం భూమిని దాటిపోయింది: ప్రాథమిక హక్కులను తగ్గించే విధంగా పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించవచ్చునా? 1967 ఫిబ్రవరి 27న, నాలుగో సాధారణ ఎన్నికల పోలింగు ముగిసిన వారంలోనే, పదకొండుమంది న్యాయమూర్తులు 6-5గా చీలి, సవరించరాదన్నారు. ప్రధాన తీర్పు సుబ్బారావుగారిది. ఎదురు తీర్పు జస్టిస్ వాంఛూది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటుకు ముందు 1953లో నివేదిక ఇచ్చిన వాంఛూ ఆయనే.

ఆ తీర్పులో ఒక చిక్కుంది. అంతకుముందు చేసిన భూసంస్కరణల సవరణలన్నీ ఆ క్షణం నుంచి రద్దయితే దేశమంతటా పంపకమైన భూములు తిరిగి వివాదంలో పడతాయి. అందుకు సుబ్బారావుగారు కొత్త నియమం ఇకపై చేసేవాటికే వర్తిస్తుందని, పాతవి చెల్లుతాయని చెప్పారు. ఈ పద్ధతి మన దేశంలో అంతకుముందు లేదు. అమెరికా రాష్ట్ర కోర్టుల నుంచి తెచ్చారు. 1932లో మోంటానా రాష్ట్ర కోర్టు చేసిన అటువంటి పనిని సన్‌బర్స్ట్ కేసులో సమర్థించిన తీర్పు రాసింది, అప్పటికి అమెరికా సుప్రీంకోర్టు చేరిన కార్డోజో. అలా ఓట్లతో ఎన్నికైన జడ్జీల కోర్టులో తయారైన పనిముట్టుతో, ఓటు అడగని భారత ప్రధాన న్యాయమూర్తి పార్లమెంటు చేతికి హద్దు గీశారు. న్యాయశాస్త్రంలో ఆలోచన ఎక్కడ పుట్టిందన్నది ముఖ్యం కాదు, దాని కారణం నిలుస్తుందా అన్నదే ముఖ్యం.

ఇక ఆ ఆఖరి ఘట్టం. 1967 ఏప్రిల్ 11న, పదవీవిరమణకు మూడు నెలలుండగా, సుబ్బారావుగారు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచారు. ఆయన స్థానంలోకి జస్టిస్ వాంఛూ వచ్చారు. మే 6న పోలింగు జరిగింది. జాకిర్ హుసేన్‌కు 4,71,244 విలువ గల ఓట్లు, సుబ్బారావుగారికి 3,63,971. కాంగ్రెసు అభ్యర్థికి అంతవరకు అంత గట్టి పోటీ ఇచ్చినవారు లేరు.

చట్టం దృష్టిలో ఆయన తప్పు చేయలేదు. రాజ్యాంగం విరమించిన సుప్రీంకోర్టు జడ్జిని కోర్టుల్లో వాదించవద్దంది. ఎన్నికలో నిలబడవద్దనలేదు. పదవి మీద ఆశతో చేశారనడానికి ఆయన జీవితంలో నాకు ఆధారం కనిపించదు. అయినా ఆ పని చేయకుండా ఉండవలసిందని నా దృఢమైన అభిప్రాయం. రాష్ట్రపతిని ఎన్నుకునేది ఎంపీలు, ఎమ్మెల్యేలు. ఆ ఎంపీల సవరణాధికారానికే ఆరు వారాల క్రితం ఆయన కలం హద్దు వేసింది. ఆ ఎంపీలనే ఓటు అడిగినప్పుడు, తీర్పులోని కారణాలను వెనక నుంచి ముందుకు చదివే అవకాశం ప్రత్యర్థులకు దొరికింది. పదకొండుమంది మధ్య ఒక్క ఓటు తేడాతో నిలిచిన తీర్పుకు కారణాల బలం తప్ప వేరే కాపలా లేదు. ఆ బలం మీద అనుమానపు నీడ పడనిచ్చారు. అమెరికాలో ఎన్నికై జడ్జి అయినవాడు ఆ పీఠం ఎక్కాక తన ఓటర్లను మరచిపోవాలి, కార్డోజో దాన్ని సాధించాడు. జడ్జిగా ఉండి ఎన్నికకు వెళ్ళినవాడు తన తీర్పుల్ని ఓటర్ల నుంచి ఎలా కాపాడుకుంటాడు? దీనికి నాకు జవాబు దొరకలేదు.

తరవాతి చరిత్ర తెలిసిందే. 1971లో 24వ సవరణతో పార్లమెంటు గోలక్‌నాథ్‌ను దాటింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. కాని పార్లమెంటుకు హద్దు లేదని మాత్రం అనలేదు. 7-6 మెజారిటీతో రాజ్యాంగ మౌలిక స్వరూపం అనే కొత్త హద్దు గీసింది. సుబ్బారావుగారి జవాబు పోయింది, ఆయన ప్రశ్న మిగిలింది. వెంటనే ముగ్గురు సీనియర్ న్యాయమూర్తులను దాటి ప్రధాన న్యాయమూర్తిని నియమించారు. దాటబడినవారిలో గోలక్‌నాథ్ మెజారిటీలో ఉన్న జస్టిస్ షెలత్ ఒకరు. లోక్‌సభలో ఆ నియామకాన్ని సమర్థించినవారు ఒకనాటి మద్రాసు అడ్వకేట్ జనరల్ మోహన్ కుమారమంగళం. జడ్జి సామాజిక దృక్పథం చూడడం ప్రభుత్వపు బాధ్యతేనని ఆయన వాదం. ఎన్నిక లేకుండానే ఎన్నికలోని కీడంతా తెచ్చిపెట్టే వాదమది. 1976 ఏప్రిల్ 28న, అత్యవసర పరిస్థితిలో నిర్బంధితుడికి కోర్టు తలుపు మూసుకుపోయిందని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ తీర్పు వచ్చిన ఎనిమిది రోజులకు, మే 6న, సుబ్బారావుగారు కన్నుమూశారు.

లా విద్యార్థులకు ఒక్క మనవి. గోలక్‌నాథ్ చదవండి, తప్పదు. దానికన్నా ముందు, రాజీనామాకు ముందురోజు, 1967 ఏప్రిల్ 10న ఆయన వెలువరించిన సత్వంత్ సింగ్ సాహ్నీ తీర్పు చదవండి. చిన్న తీర్పు. మోటారు విడిభాగాల వ్యాపారం చేసే ఒకరిని పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చేయమని ప్రభుత్వం అడిగింది. ఆనాటికి పాస్‌పోర్టు ఇవ్వడానికీ లాక్కోవడానికీ దేశంలో చట్టమే లేదు. అంతా అధికారుల ఇష్టం. విదేశానికి వెళ్ళడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా దాన్ని అడ్డుకోరాదని సుబ్బారావుగారు రాశారు. ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరోవైపు. ఈ సభలో ఉన్న కుటుంబాల్లో అమెరికాకో ఆస్ట్రేలియాకో పిల్లల్ని పంపని ఇల్లు తక్కువ. ఆ ప్రయాణాలకు పునాది ఆ తీర్పులో ఉంది. రెండు నెలలు గడిచాక, జూన్ 24న, పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం పాస్‌పోర్టు నిరాకరించినా స్వాధీనం చేసుకున్నా అధికారి అందుకు కారణాలను కాగితం మీద రాయాలి.